ఓడ కొట్టిందా, వల చంపిందా? నెల్లూరు తీరంలో తెగని పేచీ

పెద్ద కళేబరం ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చిందంటే మైపాడు నుంచి తుమ్మలపెంట దాకా ఫోన్లలో ముందు తిరిగేది ‘వింత జీవి’ వీడియో. ఆ వెనకే పేచీ. వలలో పడి చచ్చిందని కొందరంటారు. కృష్ణపట్నం వచ్చిపోయే ఓడ కొట్టిందని మత్స్యకారులంటారు. ఈ పేచీ మొదలైంది 2001 మే 28న.

ఆ రోజు కేంద్రం తిమింగల సొరను (వేల్ షార్క్, తిమింగలమంత ఉండే చేప) 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. మన దేశంలో ఆ రక్షణ దక్కిన మొదటి చేప అదే. చేర్చాల్సిందే. అంతకు ముందు గుజరాత్ తీరంలో కాలేయం నూనె కోసం, మాంసం కోసం వాటిని వందల్లో వేటాడారు. కానీ అప్పట్నుంచి చచ్చిన సొర పక్కన ఎవరి వల ఉంటే వాళ్లే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. వేట రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు. షెడ్యూలు అంటే జీవుల పట్టిక. ఓడ ఎంత వేగంతో పోవాలన్నది అందులో ఉండదు.

ఇక్కడ చేప ఒంటి తీరు తెలియాలి. తిమింగలం చచ్చాక కుళ్లి, గ్యాసు పట్టి తేలుతుంది. సొరకు గాలితిత్తి (చేపను తేల్చే లోపలి సంచి) లేదు, చస్తే మునుగుతుంది. నడిసముద్రంలో ఓడ దెబ్బ తిన్న సొర అడుక్కి పోతుంది, ఎవరి లెక్కలోకీ రాదు. వలలో పడిందాన్ని మాత్రం నలుగురూ చూస్తారు. అందుకే సొర చావు అనగానే వల గుర్తొస్తుంది. ఉపగ్రహ ట్యాగులు కట్టిన సొరల దారులనూ పెద్ద ఓడల దారులనూ పోల్చిన అంతర్జాతీయ పరిశోధన ఒకటి 2022లో వచ్చింది. సొరలు తిరిగే మేరలో 92 శాతం ఓడలు తిరిగే మేరతో కలిసిపోతోందని తేలింది. ఓడల రద్దీ ఉన్నచోటే ట్యాగుల సంకేతాలు ఎక్కువగా ఆగిపోయాయి, అంటే ఓడ తగిలి సొర మునిగి ఉండొచ్చు. ఇది తెలిశాక మత్స్యకారుల మాటను సాకు అని కొట్టిపారేయడం అన్యాయం. అంత పెద్ద ఓడకు దెబ్బ తగిలినట్టే తెలియదని ఓడలవాళ్లు చెప్పేదీ నిజమే.

అయితే ఓడకూ జంతువుకూ గొడవ వస్తే జంతువునే ముద్దాయిని చేయడం పాత అలవాటు. మన బంగాళాఖాతంలోనే, 1874 మే 10న, శ్రీలంకకు తూర్పున గాలి పడిపోయి నిలిచిన ‘పెర్ల్’ అనే 150 టన్నుల తెరచాప ఓడను రాక్షసి స్క్విడ్ (పొడుగు చేతులుండే, ఎముకల్లేని సముద్ర జీవి) పట్టి ముంచిందనీ, కొలంబో నుంచి మద్రాసు వస్తున్న ‘స్ట్రాతోవెన్’ స్టీమరువాళ్లు అది చూశారనీ ఆ జూలైలో లండన్ టైమ్స్ అచ్చేసింది. ముందు తుపాకీ కాల్చింది కెప్టెనేనని ఆ కథలోనే ఉంది. ఇప్పటిదాకా కొలిచిన స్క్విడ్లలో పెద్దవి 13 మీటర్లకు అటూఇటూ, అందులోనూ సగానికి పైగా సన్నని చేతులే. బరువు కొన్ని వందల కిలోలు. అది ఓడను ముంచడం జరిగే పని కాదు.

‘వింత జీవి’ సంగతి 1977 ఏప్రిల్‌లో దొరికిన కళేబరంతో తేలింది. న్యూజిలాండ్ దగ్గర ‘జుయో మారు’ అనే జపాన్ ట్రాలర్ వలలో పొడుగు మెడ, చిన్న తల ఉన్న 10 మీటర్ల కళేబరం పడింది. పట్టిన చేప పాడవుతుందని తిరిగి పారేశారు. దాచిన పీచు ముక్కలను పరీక్షిస్తే సొర పీచుకు సరిపోయాయి. కుళ్లేటప్పుడు సొరకు ముందు దవడ, మొప్పలు ఊడిపోతాయి. మిగిలింది మెడలా కనబడుతుంది. తిమింగలమైతే కొవ్వులోని పీచు బయటపడి బొచ్చులా వేలాడుతుంది.

ఓడ వేగం మీద 2007లో లెక్క తేల్చారు. 8.6 నాట్ల (నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) వేగంలో తగిలితే పెద్ద తిమింగలం చచ్చే అవకాశం 21 శాతం, 15 నాట్లకు 79 శాతం. కృష్ణపట్నం రేవు తెరుచుకున్న 2008లోనే అమెరికా తన తూర్పు తీరంలో కొన్ని కాలాల్లో, కొన్ని మేరల్లో 65 అడుగులు, ఆపైన ఉన్న ఓడలకు 10 నాట్లు దాటొద్దని నియమం పెట్టింది. 2022లో ఒక పెద్ద కంటైనర్ ఓడల సంస్థ శ్రీలంక దక్షిణాన నీలి తిమింగలాల మేర తప్పించి తన దారిని ఇంకా దక్షిణానికి జరుపుకుంది. రామాయపట్నం రేవు కూడా తోడయ్యే మన తీరం ముందు అడగాల్సింది ఇదే: ఓడల వేగం తగ్గించడం, దారి జరపడం. వలల విషయానికొస్తే గుజరాత్‌లో మంచి పద్ధతి ఉంది: వల కోసి సొరను వదిలిన మత్స్యకారుడు తానే తీసిన ఫొటో చూపిస్తే పరిహారం.

కళేబరం దొరికినప్పుడు జేసీబీ రాకముందే చూడాల్సినవి ఉన్నాయి. ఎండలో ఒకట్రెండు రోజులకే లోపలి అవయవాలు కరిగిపోతాయి. ముక్కు నుంచి తోక చీలిక దాకా సూటిగా కొలవాలి, ఒళ్లు వంపు వెంబడి కాదు. ఓడ అడుగున తిరిగే పంకా రెక్కల గాట్లు సమాన దూరంలో, వంకరగా, వరసగా ఉంటాయి. వల గుర్తులు తోక మొదట్లో, రెక్కల అంచున సన్నని గీతల్లా దిగుతాయి. పైన గాయం లేదని వదిలేయకూడదు, ఓడ ముక్కు తగిలితే చర్మం చెక్కుచెదరకుండానే లోపల వెన్ను విరుగుతుంది. తిమింగలమైతే పక్కటెముకల మీద కొవ్వు కోసి చూడాలి. అక్కడ నల్లగా గడ్డకట్టిన నెత్తురుంటే బతికుండగా తగిలిన దెబ్బ, లేకుంటే చచ్చాక తగిలినదయ్యే అవకాశమే ఎక్కువ. చర్మం ముక్క ఆల్కహాల్లో వేసి, పక్కన కొలబద్ద పెట్టి ఫొటోలు తీశాకే గొయ్యి తవ్వాలి, అదీ పోటు నీళ్లు అందని మేరలో.