పచ్చిక పరిశోధనకు ప్రజాధనం: తగువంతా 73 గ్యాలన్ల దగ్గరే

అమెరికా నైరుతి ఎడారి రాష్ట్రాల్లో పచ్చిక పీకేస్తే ముట్టేదీ ప్రజల సొమ్మే, విశ్వవిద్యాలయాల్లో కొత్త పచ్చిక రకాలకు పెట్టేదీ ప్రజల సొమ్మే. నెవాడాలో అలంకారపు పచ్చికకు, అంటే చూడ్డానికే తప్ప వాడుకోని గడ్డికి, నీళ్లు ఆపే గడువు ముంచుకొచ్చేసరికి ఈ పేచీ మళ్లీ రాజుకుంది.  అసలు మలుపు 2005.

ఆ ఏడాది లాస్ వేగస్ ప్రాంతపు నీటి సంస్థ సదరన్ నెవాడా వాటర్ అథారిటీ, లాస్ వేగస్ ఇళ్లలో ఏళ్ల తరబడి మీటర్లు చూసి తేల్చిన లెక్క బయటపెట్టింది. ఏడాదికి చదరపు అడుగు పచ్చికకు 73 గ్యాలన్లు, ఎడారి మొక్కల తోటకు 17.2. అప్పటిదాకా శాస్త్రవేత్తలను ‘ఏ గడ్డి వేయాలి?’ అని అడిగేవాళ్లు, ఆ తర్వాత ‘అసలు గడ్డెందుకు?’ అనడం మొదలెట్టారు. 2021లో నెవాడా తెచ్చిన ఏబీ 356, 2023లో కాలిఫోర్నియా తెచ్చిన ఏబీ 1572 చట్టాలు అలంకారపు పచ్చికకు నీళ్లు ఆపేవే. అది ఏ రకం గడ్డి అన్న ఊసు రెంటికీ పట్టదు.

కానీ చదరపు అడుగుకు 73 గ్యాలన్లంటే 117 అంగుళాల ఎత్తు నీళ్లు. లాస్ వేగస్‌లో ప్రామాణిక బాష్పోత్సేకం, అంటే నేల నుంచీ మొక్క నుంచీ ఆవిరయ్యే నీటి లెక్క, ఏడాదికి సుమారు 90 అంగుళాలు. ఫెస్క్యూ లాంటి చలికాలపు గడ్డికి అందులో 80 శాతం, గరిక జాతి బెర్ముడాకు 60 శాతం చాలు. అంటే 72, 54 అంగుళాలు. మిగతాది చాలావరకు స్ప్రింక్లర్ల తప్పు. పచ్చికలో సమదూరంలో డబ్బాలు పెట్టి పావుగంట నీళ్లు వదిలితే అది బయటపడుతుంది. అతి తక్కువ నీళ్లు పడిన పావువంతు డబ్బాల సగటును మొత్తం సగటుతో భాగిస్తారు. 0.5 వస్తే, ఎండిన మూలకు అంగుళం అందాలంటే సగటున రెండంగుళాలు వదలాల్సిందే. నాజిల్ ఒరిగినా, ఒకే లైన్లో రెండు రకాల నాజిళ్లున్నా, ప్రెషర్ ఎక్కువై నీరు తుంపరగా గాలికి పోయినా ఇదే వరస. ఇంటాయన మాత్రం ఎండిన మూల చూసి టైమర్ పెంచుతాడు, ఆ బిల్లు గడ్డి ఖాతాలో పడుతుంది.

బెర్ముడాకైనా 34 గ్యాలన్లు, ఎడారి తోటకు రెట్టింపు కదా అని నీటి సంస్థల వాదన. అదీ నిజమే.

పరిశోధన నిధుల చిక్కు వేరు. అమెరికా వ్యవసాయ చట్టమైన 2008 ఫార్మ్ బిల్లుతో వచ్చిన స్పెషాలిటీ క్రాప్ నిధికి (పండ్లు, కూరగాయల లాంటి పంటల పరిశోధన నిధి) పచ్చిక కూడా అర్హమే. కరువునూ ఉప్పునూ తట్టుకునే రకాల కోసం టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం నాయకత్వంలోని బృందానికి 2019లో అందులోంచే 44 లక్షల డాలర్లు వచ్చాయి. గ్రాంటు నాలుగైదేళ్లది. జార్జియాలో టిఫ్‌టఫ్ అనే బెర్ముడా రకానికి సంకరం నుంచి విడుదల దాకా ఇరవై ఏళ్లకు పైనే పట్టింది. మధ్యలో డబ్బు ఆగితే ప్రయోగ మడుల మధ్య దారులు కోసే మనిషి ఉండడు. కాండాలు పక్క మడిలోకి పాకితే ఒక్క సీజన్లోనే ఏది ఏ రకమో చెప్పలేం. గ్రాంటు మళ్లీ వచ్చినా ఆ మడులు తిరిగి రావు.

ఇంకో సంగతి లెక్కల్లోకి రాదు. చలికి బెర్ముడా ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. అది చూడలేక అక్టోబరులో చలికాలంలో పచ్చగా ఉండే రై గడ్డి విత్తనం చల్లుతారు. అది మొలిచేదాకా రోజుకు మూడు నాలుగు తడులు, వేసవిలో మిగిల్చిన నీళ్లలో కొంత అక్కడికే పోతుంది. రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం చలిలోనూ పచ్చగా నిలిచే బెర్ముడా కోసం వెతుకుతున్నది ఇందుకే. విమర్శకులు దీన్ని సోకుల పరిశోధన అంటారు గానీ, రై విత్తనం మానిపించే దారుల్లో ఇదొకటి.

2027 జనవరి 1 నుంచి లాస్ వేగస్ ప్రాంతంలో అలంకారపు పచ్చికకు కొలరాడో నది నీళ్లు బంద్. విడి ఇళ్లు, పార్కులు, ఆటస్థలాలు మినహాయింపు. ఎడారి ఊళ్లలో ఇలా మిగిలే మైదానాలకు శుద్ధి చేసిన మురుగునీరు వాడితే అందులో ఉప్పెక్కువ. ఉప్పు తట్టుకోని రకమైతే వేళ్ల కిందికి ఉప్పును కడగడానికి అదనంగా నీళ్లు పోయాల్సి వస్తుంది.