స్టీరింగ్‌లో బిగుసుకుపోయిన బోల్టులు: అపోహలు - వాస్తవాలు

పాత బండి స్టీరింగ్ పని చేతికి వచ్చినప్పుడు, స్పానర్ పట్టుకోకముందే ఒక మాట అనుకుంటాను: ఈ బోల్టు పోయినట్టే, దాని చుట్టూ ఉన్నది మాత్రం పోకూడదు. చాలా మంది దీన్ని తలకిందులు చేస్తారు. బోల్టును కాపాడబోయి, అది దిగి ఉన్న స్టీరింగ్ ఆర్మ్‌నో (చక్రాన్ని పక్కకు తిప్పే చేయి) నకిల్‌నో (చక్రం బిగించి ఉండే మూల భాగం) కాలుస్తారు, వంచుతారు, పగలగొడతారు. సీటు బిగించే బోల్టు విరిగితే పోయేది ఒక పూట పని. చక్రాన్ని తిప్పే భాగం రిపేరులో దెబ్బతిని, ఆ దెబ్బ పైకి కనిపించకుండానే రోడ్డెక్కితే పోయేవి ప్రాణాలు. చాలా ఏళ్లుగా బండ్ల కింద పడుకుని ఈ పని చేస్తున్నాను. చెడిపోయి నా దగ్గరకు వచ్చిన పనుల వెనుక అజాగ్రత్త కన్నా ఎక్కువగా కనిపించింది తప్పుడు నమ్మకాలే. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

అపోహ: బోల్టు కదలకపోతే స్పానర్‌కు పొడవైన పైపు తొడిగి ఇంకా బలంగా లాగాలి.

వాస్తవం: ఇనుము తుప్పుగా మారినప్పుడు మునుపటి కన్నా రెండింతలకు మించిన చోటు ఆక్రమిస్తుంది. నట్టు మరలకూ బోల్టు మరలకూ మధ్య ఉండేది వెంట్రుకవాసి సందు. ఆ సందులో తుప్పు ఉబ్బి రెండింటినీ కరిచి పట్టుకుంటుంది. మనం వదిలించవలసింది ఆ తుప్పు పట్టును. పైపు తొడిగి నెమ్మదిగా లాగితే బలమంతా బోల్టు కాడను మెలితిప్పడానికే ఖర్చవుతుంది. తుప్పు పొరను పగలగొట్టేది కుదుపు. అందుకే బోల్టు తల మీద సుత్తితో నిటారుగా నాలుగు దెబ్బలు వేయడం, కుదుపులతో తిప్పే ఇంపాక్ట్ రెంచ్‌ను ఆపి ఆపి కొద్ది క్షణాల పాటు వాడటం, పొడవైన పైపు కన్నా బాగా పనిచేస్తాయి.

ఇంకొక పద్ధతి విన్నవాళ్లకు వింతగా ఉంటుంది. విప్పే ముందు బిగించే వైపు ఒక్క పిసరు తిప్పి చూడండి. తుప్పు పొర చిట్లడానికి ఏ దిక్కు అయినా ఒకటే. కదిలిన వెంటనే గబగబా విప్పకండి. పావు చుట్టు బయటికి, కొంచెం వెనక్కి, మళ్లీ బయటికి, మధ్యలో నూనె. రాలిన తుప్పు పొడి ముందున్న మరల్లో ఇరుక్కుంటే బోల్టు రెండోసారి పట్టేస్తుంది, అప్పుడే ఎక్కువ బోల్టులు విరుగుతాయి. చేతికి తెలిసే తేడా కూడా ఒకటి ఉంది. కీచుమని శబ్దం చేస్తూ కదిలితే తుప్పు వదులుతున్నదని అర్థం. శబ్దం లేకుండా, మెత్తగా, రబ్బరు సాగినట్టు తిరుగుతుంటే కాడ మెలిపడుతోంది. అక్కడే ఆగాలి.

బోల్టు తలకు తొడిగే సాకెట్ ఆరు మూలలదే కావాలి. పన్నెండు మూలల సాకెట్ బోల్టు తల అంచులనే పట్టుకుంటుంది కాబట్టి తుప్పు తిన్న తలను గుండ్రంగా అరగదీస్తుంది.

అపోహ: గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పితే ఏ మర అయినా వదులవుతుంది.

వాస్తవం: స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే కడ్డీ టై రాడ్. దాని పొడవును సరిచేసే గొట్టానికి చాలా బండ్లలో ఒక చివర కుడి మర, మరో చివర ఎడమ మర ఉంటాయి. గొట్టాన్ని ఒకే దిక్కుకు తిప్పితే రెండు చివర్లూ కలిసి లోపలికో బయటికో జరగాలని ఆ ఏర్పాటు. ఎడమ మర ఉన్న లాక్ నట్టును తెలియక గంటసేపు బిగిస్తూ, తుప్పు గట్టిగా పట్టిందని తిట్టుకున్నవాళ్లను చూశాను. బయటికి కనిపించే మరలను వైర్ బ్రష్‌తో తుడిచి, అవి ఎటు వాలి ఉన్నాయో కళ్లతో చూసుకున్నాకే స్పానర్ పెట్టండి.

కదలనిదల్లా తుప్పు వల్లే కదలడం లేదని కూడా అనుకోకూడదు. స్టీరింగ్ బోల్టులకు కొన్నిచోట్ల మర పట్టించే జిగురు వేసి ఉంటుంది. అందులో గట్టి రకాలు దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కితే గాని మెత్తబడవు. నూనె ఎన్నిసార్లు పోసినా అక్కడ ప్రయోజనం ఉండదు.

అపోహ: డబ్ల్యూడీ-40 కొట్టి పది నిమిషాలు ఆగితే చాలు.

వాస్తవం: ఆ పేరులోనే దాని పని ఉంది. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో తేమను తొలగించే ద్రవం కోసం ప్రయత్నిస్తూ నలభయ్యోసారి కుదిరిన మిశ్రమం అది. అట్లాస్ క్షిపణి పైతొడుగుకు తుప్పు పట్టకుండా కాపాడటానికి మొదట వాడారు. తేలికపాటి తుప్పుకు పనికొస్తుంది, నిజమే. కానీ మరల్లోకి ఇంకడానికే తయారుచేసిన నూనెలు వేరే ఉన్నాయి. ఆ కంపెనీ కూడా అలాంటి రకాన్ని విడిగా అమ్ముతుంది.

ఏ నూనె పోశామన్న దానికన్నా ఎలా పోశామన్నది ముఖ్యం. మట్టి, గ్రీజు, పెళుసుబారిన తుప్పు మీద పోసిన నూనె అక్కడే ఆగిపోతుంది. ముందు వైర్ బ్రష్‌తో లోహం కనిపించేదాకా శుభ్రం చేయాలి. నట్టు వెనుక వైపున, మరలు బయటికి పొడుచుకు వచ్చిన చోట పోయాలి. సుత్తితో మెల్లగా తట్టాలి. ఆ అదురుకు నూనె లోపలికి దారి చేసుకుంటుంది. సాయంత్రం ఒకసారి, రాత్రి ఒకసారి, ఉదయం ఒకసారి. ఒక రాత్రి ఓపిక పడితే ఆదా అయ్యే శ్రమ చాలా ఎక్కువ. అయితే బ్రేకు డిస్కు మీద, రబ్బరు బుష్‌ల మీద పడకుండా గుడ్డ కప్పడం మరచిపోకూడదు.

అసిటోన్, గేరు నూనె కలిపి వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. అసిటోన్ ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. అది పోసిన చోట ఆ తర్వాత గ్యాస్ మంట టార్చ్ వెలిగించడం తెలిసి తెలిసి నిప్పు పెట్టుకోవడమే.

అపోహ: ఎర్రగా కాలిస్తే ఊడని బోల్టు ఉండదు.

వాస్తవం: నన్ను ఎక్కువగా భయపెట్టే నమ్మకం ఇదే. ఎందుకంటే ఇది సగం నిజం. బోల్టు ఊడుతుంది. మిగిలిన భాగం ఏమైందో మాత్రం ఎవరూ చూడరు.

ముందు వేడి ఎలా పనిచేస్తుందో లెక్క చూద్దాం. 12 మిల్లీమీటర్ల నట్టు రంధ్రాన్ని 300 డిగ్రీల మేర వేడెక్కిస్తే అది సుమారు 0.04 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది. తుప్పు పొర చిట్లడానికి ఆ మాత్రం చాలు. ఎరుపు రంగు అక్కర్లేదు. వేడి నట్టుకు తగలాలి, బోల్టుకు కాదు. బోల్టే వేడెక్కితే అదీ ఉబ్బి ఇంకా బిగుస్తుంది. వేడిచేసి, చల్లారనిచ్చి, మళ్లీ వేడిచేసి, చల్లారే సమయంలో నూనె అందించడం పద్ధతి. నూనె పొగ కక్కుతుంది కాబట్టి మరీ కాలుతున్నప్పుడు పోయకూడదు.

ఇక అసలు విషయం. స్టీరింగ్ ఆర్మ్, నకిల్ వంటివి పోత పోసి లేదా సాగగొట్టి తయారుచేసిన లోహపు భాగాలు. వాటిలో చాలావాటికి బలం వచ్చేది కర్మాగారంలో కొలత ప్రకారం వేడిచేసి చల్లార్చడం వల్ల. టార్చ్‌తో ఎర్రగా కాల్చినప్పుడు ఆ చోట ఉష్ణోగ్రత 600 డిగ్రీలు దాటుతుంది, ఆ బలం చెడుతుంది. చల్లారాక రంగు మామూలవుతుంది, మసి తుడిస్తే ఆనవాలు ఉండదు. ఆ తర్వాత గుంతలో పడిన ప్రతి దెబ్బనూ ఆ బలహీనమైన చోటే భరించాలి. అందుకే నా నియమం ఇది: పారేసే భాగానికే మంట చూపిస్తాను. బండిలో ఉండిపోయే భాగానికి, అంటే ఆర్మ్‌కు, నకిల్‌కు, ర్యాక్‌కు (పక్కలకు జరిగి చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ), షాఫ్ట్‌కు (స్టీరింగ్ చక్రం నుంచి దిగే కడ్డీ) మంట దగ్గరకు రానివ్వను. తప్పనిసరై ఆ భాగం కాలిందంటే దాన్ని కూడా మార్చవలసిందే. మంట లేకుండా కరెంటుతో నట్టును మాత్రమే వేడెక్కించే ఇండక్షన్ హీటర్ దొరికితే అంతకన్నా మంచి సాధనం లేదు, అయినా దాన్ని కూడా కొద్ది క్షణాలే ఉంచాలి.

పారేసే భాగమే అయినా బాల్ జాయింట్‌ను (గుండు కీలును) కాల్చకండి. లోపల గ్రీజు మూసి ఉంటుంది, వేడికి ఒత్తిడి పెరిగి పేలవచ్చు. పక్కనే పవర్ స్టీరింగ్ గొట్టం, బ్రేకు గొట్టం ఉంటాయి, రెండింటిలోని ద్రవాలూ అంటుకునేవే. క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనర్‌తో తుడిచిన లోహాన్ని వేడిచేస్తే ఫోస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఇది మనిషిని చంపగలదు. మంట పట్టేచోట ఆ క్లీనర్ డబ్బా కూడా ఉండకూడదు.

అపోహ: స్టీరింగ్ షాఫ్ట్ జాయింట్‌కు ఉన్న బోల్టును వదులు చేస్తే జాయింట్ జారి వస్తుంది.

వాస్తవం: చాలా బండ్లలో జాయింట్‌ను నొక్కి బిగించే ఈ పించ్ బోల్టు, షాఫ్ట్‌కు పక్కన తొలిచిన గాడిలో నుంచి వెళుతుంది. బోల్టు మొత్తం బయటికి రానిదే జాయింట్ కదలదు, అది భద్రత కోసం చేసిన ఏర్పాటు. ఒకసారి ఒక పాత కారు నా దగ్గరకు వచ్చింది. స్టీరింగ్ తిప్పుతుంటే ప్రతి చుట్టులో ఒక చోట బిగుస్తోందని యజమాని చెప్పారు. విప్పి చూస్తే అన్ని వైపులా వంగే ఆ యూనివర్సల్ జాయింట్ చెవులు వంగి ఉన్నాయి, లోపలి బేరింగు సూదులు నలిగి ఉన్నాయి. ఎవరో బోల్టును సగమే విప్పి, తుప్పు వల్ల రావడం లేదనుకుని సుత్తితో బాదారు. బోల్టు గాడిలో భద్రంగా ఉంది. ఆ దెబ్బలన్నీ జాయింట్ తిన్నది.

బోల్టు పూర్తిగా తీశాక కూడా పట్టు వదలకపోతే, జాయింట్‌కు ఉన్న చీలికలో చిన్న చీల పెట్టి కొద్దిగా తెరవండి. ఉలి దిగగొడితే ఆ చెవి పగులుతుంది. షాఫ్ట్‌ను కాలమ్ వైపు, అంటే స్టీరింగ్ చక్రం కింది గొట్టం వైపు కొట్టకూడదు. ప్రమాదంలో డ్రైవర్ ఛాతీని కాపాడటానికి ముడుచుకునేలా కాలమ్‌ను తయారుచేస్తారు. అందులోని ప్లాస్టిక్ పిన్నులు సుత్తి దెబ్బకే తెగిపోతాయి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే బ్యాటరీ విప్పి, మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగి, చక్రాలు నేరుగా ఉంచి, స్టీరింగ్ చక్రం తిరగకుండా కట్టేయాలి. కట్టని చక్రం గిర్రున తిరిగితే ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే లోపలి చుట్ట తీగ తెగుతుంది.

అపోహ: టై రాడ్ ఎండ్ రాకపోతే దాని పిన్ను మీద కొట్టాలి.

వాస్తవం: టై రాడ్ చివర ఉండే కీలు ఇది. దాని పిన్ను ఏటవాలుగా సన్నబడుతూ స్టీరింగ్ ఆర్మ్ రంధ్రంలో కూర్చుని ఉంటుంది. మర మీద కొడితే తల పుట్టగొడుగులా విచ్చుకుని, ఆ తర్వాత నట్టు కూడా రాదు. ఊడదీసే పుల్లర్ వేసి బిగువు ఇచ్చి, ఆర్మ్ కన్ను (పిన్ను కూర్చునే రంధ్రం) పక్కభాగాన ఒక సుత్తితో కొట్టండి, ఎదురుగా రెండో సుత్తిని ఆనించి ఉంచండి. కన్ను క్షణకాలం సాగి, పిన్ను టప్పుమని వదులుతుంది. నట్టును రెండు మరల మీద ఉంచితే ఎగిరి పడదు. ఫోర్కు లాంటి చీలిక పనిముట్టు రబ్బరు బూటును చింపుతుంది కాబట్టి, ఎండ్ మార్చేటప్పుడే అది వాడాలి. స్టీరింగ్ బాక్సు నుంచి కిందికి దిగే డ్రాప్ ఆర్మ్‌కైతే పుల్లర్ ఒక్కటే దారి, అక్కడి దెబ్బ నేరుగా బాక్సు బేరింగుల మీద పడుతుంది.

అపోహ: బోల్టు విరిగితే ఎక్స్‌ట్రాక్టర్ దించాలి.

వాస్తవం: ఎక్స్‌ట్రాక్టర్ అంటే విరిగిన ముక్కలో దించి తిప్పి తీసే పనిముట్టు. దాని ఉక్కు గట్టిది, పెళుసు కూడా. బోల్టు తలనే విరగ్గొట్టిన పట్టును సన్నటి ఎక్స్‌ట్రాక్టర్ ఎలా వదిలిస్తుంది? అది లోపల విరిగితే మామూలు డ్రిల్లు బిట్టు దాని మీద పనిచేయదు. ముక్క బయటికి కనిపిస్తుంటే దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయడం మేలు. ముక్క వేడెక్కి, చల్లారి కుంచించుకుంటుంది, తిప్పడానికి తలా దొరుకుతుంది. వెల్డింగ్ ఎర్తు క్లిప్ అదే భాగానికి తగిలించాలి, లేకపోతే కరెంటు బేరింగుల గుండా పోతుంది. లోపలికి విరిగితే సరిగ్గా నడుమ పంచ్ చేసి, ఎడమ వైపుకు తిరుగుతూ తొలిచే డ్రిల్లు బిట్టుతో తొలచండి, చాలాసార్లు బిట్టుతో పాటే ముక్క వచ్చేస్తుంది.

ర్యాక్‌ను పట్టుకునే రబ్బరు బుష్‌లో బోల్టు లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుంటే, తల తిరుగుతున్నా బోల్టు రాదు. దానితో పోరాడకండి. రెండు వైపులా కోసి, బుష్ కూడా మార్చండి.

అపోహ: కొత్తగా స్టెయిన్‌లెస్ బోల్టు వేస్తే ఇక బాధ ఉండదు.

వాస్తవం: తుప్పు పట్టదు, కానీ బలం తక్కువ. తల మీద 8.8 అని ఉన్న బోల్టు తెగడానికి 800 మెగాపాస్కల్ (లాగే ఒత్తిడికి కొలత), 10.9కి 1000 కావాలి. మామూలుగా దొరికే ఏ2-70 స్టెయిన్‌లెస్‌కు 700 చాలు. సాగిపోవడం 450 దగ్గరే మొదలవుతుంది. పైగా స్టెయిన్‌లెస్ మరలు ఒకదానితో ఒకటి రాసుకుని అతుక్కుంటాయి. తీసిన బోల్టు తల మీద ఏ సంఖ్య ఉంటే అదే సంఖ్యది వేయండి. పట్టకుండా రాసే యాంటీ-సీజ్ పేస్టు మంచిదే గాని, అది రాపిడిని తగ్గిస్తుంది. పొడి మరకు చెప్పిన టార్క్‌తోనే (తిప్పే బలంతోనే) బిగిస్తే బోల్టు మీద భారం మించిపోతుంది. టై రాడ్ ఎండ్ ఏటవాలు పిన్నుకు, అది కూర్చునే రంధ్రానికి మాత్రం ఏదీ పూయకూడదు. శుభ్రంగా, పొడిగా ఉండాలి.

తల మీద గాడులున్న క్యాజిల్ నట్టును టార్క్ దాకా బిగించాక గాడితో పిన్ను రంధ్రం కలవకపోతే వెనక్కి వదలకండి. తర్వాతి గాడి కలిసేదాకా ఇంకొంచెం బిగించి, కొత్త స్ప్లిట్ పిన్ వేయండి. పాత టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడే ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకుంటే, కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కించి బండిని అలైన్‌మెంట్ దగ్గరకు నెమ్మదిగా నడిపించుకుపోవచ్చు.