ఉత్తరగాలి రాల్చిన గౌరవం

ద్రాక్షతోటల పనుల గురించి చెబుతూ రోమన్ కవి వర్జిల్ ఒకచోట, చలిగా వీచే ఉత్తరగాలి అడవుల ‘హొనోర్’ను రాల్చేసింది అంటాడు. రాలినవి ఆకులు. నిఘంటువు తెరిస్తే ఆ లాటిన్ మాటకు మొదట కనిపించే అర్థం గౌరవం. చెట్టుకు గౌరవమేమిటి, అది రాలడమేమిటి?

గౌరవం అనగానే మనకు మనసులోని భావమో, మనిషిలోని గుణమో గుర్తుకొస్తుంది. రోమన్ల హొనోర్ కంటికి కనబడేది, చాలాసార్లు ఒకరు ఇస్తే దక్కేది. దేవుడికి అర్పించే బలి హొనోర్. చనిపోయినవారికి జరిపే అంత్యక్రియ హొనోర్. చెట్టు ఒంటిమీది ఆకులూ అంతే.

రాజకీయాల్లోనైతే ఆ మాటకు సూటిగా ‘పదవి’ అనే అర్థం. క్వైస్టర్, ప్రైటర్, కాన్సుల్ అంటూ పైకి వెళ్లే మెట్ల వరుసకు ‘కుర్సుస్ హొనోరుమ్’, అంటే పదవుల బాట, అని పేరు. ఏ మెట్టుకు ఎంత వయసుండాలో క్రీ.పూ. 180లో విల్లియా చట్టం నిర్ణయించింది. ఈ పదవులకు జీతం లేదు, పైగా చేతి చమురు వదిలేది. స్పెయిన్‌లో ఉర్సో అనే రోమన్ వలస పట్టణపు చట్టాన్ని కంచు రేకుల మీద చెక్కారు. అక్కడి ఇద్దరు ప్రధానాధికారులూ దేవతల పేరిట నాలుగు రోజులు వినోదాలు జరిపించాలి, ఒక్కొక్కరు సొంత డబ్బులోంచి కనీసం 2,000 సెస్టర్సులు (రోమన్ నాణేలు) పెట్టాలి అని అందులో ఉంది. చాలా ఊళ్లలో పదవి దక్కినవాడు ఊరి ఖజానాకు ‘సుమ్మా హొనోరారియా’ అనే సొమ్ము కట్టేవాడు. నేటి ఆనరేరియం, మన ‘గౌరవ వేతనం’, ఆ మాటల కుటుంబానిదే. కాకపోతే డబ్బు ఇప్పుడు ఎదురు దిక్కున నడుస్తోంది. కొందరికి అందే ఆ వేతనం చూస్తే అందులో గౌరవమే ఎక్కువ, వేతనం తక్కువ అనిపిస్తుంది.

మాట రూపం కూడా ఒక చోట నిలవలేదు. పాత రూపం హొనోస్. క్రీ.పూ. 4వ శతాబ్దం నాటికి లాటిన్‌లో రెండు అచ్చుల నడుమ ఉన్న సకారం రేఫగా మారింది. ‘గౌరవం యొక్క’ అనే అర్థంలో హొనోసిస్ కాస్తా హొనోరిస్ అయింది. పదం చివరనున్న సకారానికి తర్వాత అచ్చు లేదు కనుక హొనోస్ అలాగే ఉండిపోయింది. తర్వాతి తరాలకు ఈ ఎగుడుదిగుడు నచ్చలేదు కాబోలు, దాన్నీ హొనోర్‌గా చదును చేశారు. రోమన్ వక్త, రచయిత సిసిరో మాత్రం హొనోస్‌నే పట్టుకుని ఉన్నాడు. పాపీరియస్ వంశానికి చెందిన మిత్రుడికి రాసిన ఉత్తరంలో, మీవాళ్లను ఒకప్పుడు పాపీసీ అనేవారు సుమా అని గుర్తు చేశాడు కూడా. ఇలాంటి మార్పు మనకు కొత్త కాదు. దుస్ + ఆచారం దురాచారం కావడం బడిలో నేర్చుకున్నదే. అయితే సంస్కృతంలో అది వేరుగా జరిగిన మార్పు. అసలు చుట్టరికం మరోచోట ఉంది. ‘గౌరవం’ పుట్టింది ‘గురు’ నుంచి, అంటే బరువు. లాటిన్‌లో బరువైనదాన్ని ‘గ్రావిస్’ అంటారు. ఆ రెండూ ఒకే వేరు నుంచి వచ్చినవి. హొనోస్ మూలం మాత్రం ఇంతవరకూ తేలలేదు.

రోమన్లు హొనోస్‌ను దేవుణ్నీ చేశారు. క్రీ.పూ. 222లో గాల్ తెగలతో యుద్ధంలో సేనాని మార్సెల్లస్ ఆయనకూ పరాక్రమ దేవత విర్టూస్‌కూ కలిపి గుడి మొక్కుకున్నాడు. 208లో ఇద్దరినీ ఒకే గుడిలో నిలపబోతే పూజారులు అడ్డుపడ్డారు. ఒకే గర్భగుడిలో ఇద్దరుంటే, రేపు పిడుగు పడినప్పుడు ఎవరికి శాంతి చేయాలి? చివరికి విర్టూస్‌కు పక్కనే హడావిడిగా మరో గుడి కట్టాల్సి వచ్చింది. ప్రతిష్ఠ చూడకుండానే మార్సెల్లస్ ఆ ఏడే యుద్ధంలో చనిపోయాడు.

రోమన్లు సాధారణంగా తల మీద వస్త్రం కప్పుకుని బలి ఇస్తారు. హొనోస్ దగ్గర మాత్రం ముసుగు తీసేసేవారు. ఎందుకని గ్రీకు రచయిత ప్లూటార్క్ ప్రశ్న వేసుకుని, గొప్పవారు ఎదురైతే జనం తల మీది బట్ట తీసేస్తారు కదా, అందుకేనేమో అని రాశాడు.