మీటరుకి పెట్రోలు కనపడదు

నెల్లూరు ట్రంకురోడ్డు షెడ్లలో అడిగినా, ఒంగోలు ట్రంకురోడ్డు షెడ్లలో అడిగినా కార్బొరేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) ఉన్న బండి ట్యూనింగ్ అనగానే వినపడేది ప్లగ్గు మాటే. "ప్లగ్గు ఊడదీసి చూడన్నా. నల్లగుంటే పెట్రోలెక్కువ, తెల్లగుంటే తక్కువ, ఇటుక రంగుంటే బండి బంగారం. దానికి మళ్లీ మీటరెందుకు?" మేస్త్రీ మాటలో తప్పేం లేదు. కాకపోతే ప్లగ్గు చెప్పేది గడిచిపోయిన కిలోమీటర్లన్నిటి సగటు. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు పెట్రోలెక్కువై, హైవే మీద పూర్తిగా గుంజినప్పుడు తక్కువైతే, ఆ రెండూ కలిసి అందమైన ఇటుక రంగే చూపించొచ్చు. ఎక్సలేటర్ ఎంత తిప్పినప్పుడు ఏం జరుగుతోందో అప్పటికప్పుడు తెలియాలంటే ఏఎఫ్ఆర్ మీటరు కావాలి. ఏఎఫ్ఆర్ అంటే గాలికీ ఇంధనానికీ మధ్య నిష్పత్తి.

మామూలు పెట్రోలు ఒక గ్రాము పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇది తూకం లెక్క. లీటర్లలో చూస్తే ఒక్క లీటరు పెట్రోలుకి తొమ్మిది వేల లీటర్ల పైచిలుకు గాలి. ఇంజన్ నడిచేది ముఖ్యంగా గాలి మీద, పెట్రోలు అందులో తాలింపంత. లోపలికెళ్లిన గాలిని, అక్కడున్న పెట్రోలు కాలడానికి సరిగ్గా కావలసిన గాలితో భాగిస్తే వచ్చే సంఖ్యని లాంబ్డా అంటారు. అది 1 అయితే లెక్క సరిపోయినట్టు. అంతకంటే ఎక్కువైతే లీన్, అంటే పెట్రోలు తక్కువ. తక్కువైతే రిచ్, అంటే పెట్రోలెక్కువ. పెట్రోలు ఇంజన్ గరిష్ఠ శక్తినిచ్చేది 0.86 నుంచి 0.90 మధ్య, అంటే మీటరు మీద 12.6 నుంచి 13.2 వరకు. మైలేజీ బాగా వచ్చేది 1.05 దగ్గర, మీటరు మీద 15.4. లీన్ చేసేకొద్దీ మైలేజీ పెరుగుతూనే ఉంటుందని అనుకునేవాళ్లు చాలామంది. అది నిజం కాదు. ఆ గీత దాటాక మంట సరిగ్గా అంటుకోదు, బండి తడబడుతుంది, మైలేజీ తిరిగి పడిపోతుంది.

ఇంతకీ ఈ మీటరు లోపలికెళ్లే గాలినీ కొలవదు, పెట్రోలునీ కొలవదు. సైలెన్సరు వైపు వెళ్లే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో, లేక ఎంత చాలకపోయిందో మాత్రమే చూస్తుంది. దాన్నుంచి లాంబ్డా కట్టి, 14.7తో గుణించి అంకె చూపిస్తుంది. ఈ సంగతి గుర్తుంటే మీటరు ఎప్పుడు నిజం చెబుతుందో, ఎప్పుడు తప్పుదారి పట్టిస్తుందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

సెన్సరుకి గుండెకాయ జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థం. అందులో ఇట్రియా అనే మరో పదార్థం కాస్త కలిపి బాగా వేడి చేస్తే అందులోంచి ఆక్సిజన్ అయాన్లు కదులుతాయి. ఒకవైపు బయటిగాలి, మరోవైపు పొగ ఉంటే, రెండువైపులా ఆక్సిజన్‌లో ఉన్న తేడాకి తగ్గట్టు వోల్టేజీ పుడుతుంది. ఆ లెక్కకు సూత్రం రాసినవాడు వాల్టర్ నెర్న్‌స్ట్, 1920 రసాయనశాస్త్ర నోబెల్ ఆయనదే. ఇదే పదార్థంతో ఆయన ఒక విద్యుద్దీపం కూడా తయారుచేశాడు. బాష్ కంపెనీ దీన్ని కారు సెన్సరుగా మలిస్తే, 1976లో కాలిఫోర్నియాలో అమ్మిన వోల్వో కార్లలో మొదట వచ్చింది. బీఎస్6 పొగ నిబంధనల ప్రకారం వచ్చిన బైకుల్లో కంపెనీ పెట్టేది ఎక్కువగా ఈ రకమే. రిచ్ అయితే 0.9 వోల్టుల దగ్గర, లీన్ అయితే 0.1 దగ్గర నిలబడుతుంది, మధ్యలో దాదాపు నిట్టనిలువుగా దూకుతుంది. ఎటు ఉన్నామో చెబుతుందిగానీ ఎంత దూరంలో ఉన్నామో చెప్పలేదు.

ట్యూనింగ్‌కి కావలసింది ఆ దూరం కూడా చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సరు. ఇందులో ఓ చిన్న గది ఉంటుంది. సన్నని సందులోంచి పొగ అందులోకి వస్తుంది. గదిలో ఆక్సిజన్ ఎప్పుడూ లాంబ్డా 1కి సరిపోయే మట్టంలోనే ఉండేలా, కంట్రోలరు రెండో జిర్కోనియా పలకకి కరెంటిచ్చి ఆక్సిజన్‌ని బయటికి తోడుతుంది. రిచ్‌గా ఉన్నప్పుడు కరెంటు దిశ మార్చి, పొగలోని నీటి ఆవిరి నుంచీ కార్బన్ డయాక్సైడ్ నుంచీ ఆక్సిజన్‌ని విడదీసి లోపలికి పంపుతుంది. సోమశిల రిజర్వాయరులో నీటిమట్టం కదలకుండా గేట్లు ఎంత ఎత్తాల్సి వచ్చిందో చూస్తే పైనుంచి పెన్నలో ఎంత వరద వస్తోందో చెప్పొచ్చు. ఇక్కడా అంతే, తోడడానికి పట్టిన కరెంటే కొలత.

సెన్సరుకి 18 మిల్లీమీటర్ల మర ఉంటుంది. చాలా బీఎస్6 బైకుల్లో కంపెనీ సెన్సరు ఇంతకంటే చిన్నది, ఆ రంధ్రంలో ఇది పట్టదు. పైగా కంపెనీ సెన్సరు తీసేస్తే ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటరు, అయోమయంలో పడుతుంది. అందుకని ఇంజన్ నుంచి సైలెన్సరుకి వెళ్లే బెండుపైపుకి విడిగా రంధ్రం వేసి, లేత్ షాపులో మర కోయించిన స్టీలు బుష్షు (సెన్సరు బిగించే రింగు) వెల్డింగ్ చేయించాలి. వెల్డింగ్ చేసేటప్పుడు మర వంకరపోకుండా బుష్షులో పాత బోల్టు బిగించాలిగానీ సెన్సరు కాదు. బ్యాటరీ కనెక్షన్ తప్పనిసరిగా తీసేయాలి.

చోటు విషయంలో తొందర పనికిరాదు. సెన్సరు పైపుకి పైభాగంలో, గడియారంలో పదికీ రెండుకీ మధ్య ఉండాలి. కిందవైపు పెడితే పొద్దున్నే పైపులో చేరిన నీటిచుక్క ఎర్రగా కాలిన పింగాణీ మీద పడి అది పగులుతుంది. ఇంజన్‌కి మరీ దగ్గరైతే వేడికి మాడుతుంది, పైపు చివరికి దగ్గరైతే ఐడిలింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, బయటిగాలి వెనక్కి దూరి అబద్ధపు లీన్ చూపిస్తుంది. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండికైతే దానికంటే ముందే ఉండాలి. దానికోసం కన్వర్టరే తీసి పారేయమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు, వినొద్దు. అది చట్టవిరుద్ధం, పైగా అనవసరం.

సెన్సరుకి కరెంటు ఇగ్నిషన్ తాళం తిప్పాకే రావాలి, మధ్యలో ఫ్యూజు ఉండాలి. హీటరు ఒకటి రెండు ఆంపియర్లు లాగుతుంది కాబట్టి కిక్కు కొట్టే పాత బండి చిన్న బ్యాటరీకి అది భారమే. హెడ్‌లైటు వైరు నుంచో కాయిల్ వైరు నుంచో కరెంటు దొంగిలిస్తే అంకెలు గంతులేస్తాయి. పైపులో సెన్సరు ఉండి, దానికి కరెంటు లేకుండా ఇంజన్ నడిపితే మసి పట్టి పాడవుతుంది. జాయింట్ల దగ్గర పూసే సిలికాన్ పేస్టు కూడా దానికి విషమే. సీసం మరో విషం, కానీ 2000 నుంచి దేశంలో సీసం లేని పెట్రోలే కాబట్టి ఆ బెంగ లేదు.

బండి బాగా వేడెక్కాకే అంకెలు చూడాలి. ఎక్సలేటర్ గ్రిప్పు మీద టేపంటించి పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టుకుంటే ఏ అంకె కార్బొరేటర్‌లో ఏ భాగానిదో తెలుస్తుంది. జెట్టు అంటే పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం. ఐడిలింగ్ నుంచి పావు దాకా పైలట్ జెట్టు, ట్యూనింగ్ స్క్రూ రాజ్యం. పావు నుంచి ముప్పావు దాకా ఎక్సలేటర్‌తో పాటు పైకిలేచే సూదిది. ఆపైన మెయిన్ జెట్టు. కావలి నుంచి ఒంగోలు దాకా హైవే చదునుగా ఉంటుంది, సగం ఎక్సలేటర్‌లో నిలకడగా నడిపి చూడడానికి అంతకంటే మంచి చోటు లేదు. మీటరు మీద కళ్లు పెట్టడానికి వెనక ఇంకో మనిషి ఉండాలి, లేదా రికార్డు చేసుకోవాలి. ఎక్సలేటర్ టక్కున తిప్పినప్పుడూ వదిలినప్పుడూ వచ్చే అంకెల్ని పట్టించుకోనక్కర్లేదు. ఎయిర్‌కూల్డ్ బండికి పూర్తిగా గుంజినప్పుడు 12.5–13, నిలకడగా వెళ్లేటప్పుడు 14 పైన ఉంటే నాకు చాలు.

ఇక ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు సంగతి. 2023 ఫిబ్రవరిలో మొదలై ఇప్పుడు బంకుల్లో మామూలైపోయింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి ఒక గ్రాము కాలడానికి 9 గ్రాముల గాలి చాలు. నూటికి ఇరవై పాళ్లు కలిపితే మొత్తం అవసరం 14.7 నుంచి సుమారు 13.5కి దిగుతుంది. కార్బొరేటర్ బదులు పెట్రోలుని చిమ్మే ఇంజెక్షన్ బండిలో ఈసీయూ పొగ చూసి పెట్రోలు పెంచుకుంటుంది. కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు. అదే జెట్టుతో, అదే గాలితో మిశ్రమం ఏడెనిమిది శాతం లీన్ అవుతుంది. ఒకప్పుడు మామూలు పెట్రోలుతో 0.90 దగ్గర సర్దిన బండి 0.97కి చేరుతుంది. పికప్ పోయింది, వేడెక్కుతోంది అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి మూలం ఇక్కడుంది. ఒక సైజు పెద్ద మెయిన్ జెట్టు వేసి మీటరు చూస్తే సరి.

కానీ ఇక్కడే ఒక గొయ్యి ఉంది. ఈ20కి సరైన నిష్పత్తి 13.5 అని తెలిసినవాళ్లు, అదే లాంబ్డా 1 అనుకుని మీటరు మీద 13.5 రప్పిస్తారు. ట్యాంకులో ఏం పోశామో మీటరుకేం తెలుసు? ఈ20తో లాంబ్డా 1 ఉన్నా అది 14.7 అనే చూపిస్తుంది, దాని గుణకారం మారదు కాబట్టి. మీటరు మీద 13.5 అంటే అసలు లాంబ్డా 0.92, అప్పటికే రిచ్. వీలుంటే మీటరుని లాంబ్డా చూపించేలా మార్చుకుంటే ఈ గొడవే ఉండదు.

మీటరు చేసే రెండో మోసం ఇంకా ప్రమాదం. పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడిసి మంట అంటుకోకపోతే, ఆ గాలి కాలకుండా బయటికొస్తుంది. సెన్సరుకి ఆక్సిజన్ కనపడుతుంది, లీన్ అంటుంది. నమ్మి ఇంకా పెట్రోలు పెంచితే ఇంకా మిస్‌ఫైర్, ఇంకా లీన్. బండి శబ్దం తడబడుతుంటే అంకెని పక్కనపెట్టి ముందు ప్లగ్గు చూడాలి, అప్పుడు మేస్త్రీ మాటే నెగ్గుతుంది. పైపు జాయింటు దగ్గర గాలి లీకున్నా ఇలాంటి అబద్ధమే వస్తుంది.

మన వాతావరణం కూడా అంకెల్లో కనపడుతుంది. జనవరి తెల్లవారుజామున 20 డిగ్రీలుండే గాలి, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో 42కి చేరితే సాంద్రత ఏడు శాతం తగ్గుతుంది. కార్బొరేటర్ మిశ్రమం సాంద్రత వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి మూడున్నర శాతం దాకా రిచ్ అవుతుంది. అంటే ఈ20 తెచ్చే లీన్‌లో దాదాపు సగాన్ని మే నెల ఎండ కప్పేస్తుంది, డిసెంబరులో అది బయటపడుతుంది. జెట్టు మార్చాలనుకుంటే చలికాలం చూసి నిర్ణయించడం మేలు.

తేమ సంగతి వేరు. కొన్ని మీటర్లకు సెన్సరుని బయటిగాలిలో పెట్టి సరిచూసే పద్ధతి ఉంటుంది, గాలిలో 20.95 శాతం ఆక్సిజన్ ఉందనే నమ్మకంతో. మైపాడు తీరాన 35 డిగ్రీల ఉక్కలో, తేమ 70 శాతమున్నప్పుడు గాలిలో నాలుగు శాతం నీటి ఆవిరే, ఆక్సిజన్ 20 దగ్గరికి దిగుతుంది. అప్పుడు సరిచూస్తే లీన్ వైపు అంకెల్లో ఆ మేరకు తేడా వస్తుంది. లాంబ్డా 1 దగ్గర మాత్రం తేడా ఉండదు, అక్కడ తోడే కరెంటే సున్నా. సరిచూసే పని పొడిగా ఉన్న పూట, షెడ్డు పొగకీ పెట్రోలు వాసనకీ దూరంగా చేయాలి.

పని అయ్యాక సెన్సరుని బండికే వదిలేయనక్కర్లేదు. బుష్షుకి సరిపడే మర బోల్టు బిగించి, సెన్సరు తీసి డబ్బాలో పెట్టుకోవచ్చు. అలా చేస్తే షెడ్డులో ఒక్క మీటరుతో ఎన్ని బండ్లయినా చూడొచ్చు, ఒక్కో బండికీ అయ్యే ఖర్చు బుష్షూ వెల్డింగే.