పాపాయి ఊపిరి లెక్కపెట్టడం

పిల్లలూ,

ఇంటికి తమ్ముడో చెల్లాయో వచ్చిన కొత్తలో ఉయ్యాల పక్కన ఎక్కువసేపు నిలబడేది మీరే. అందుకే ఈ సంగతులు పెద్దవాళ్లకు కాకుండా మీకు రాస్తున్నాను.

నిద్రపోతున్న పసిబిడ్డ పొట్ట చూడండి. పసివాళ్ల ఊపిరి ఛాతీలో కంటే పొట్టలోనే బాగా కనిపిస్తుంది. నాలుగైదు సార్లు గబగబా లేస్తుంది, తర్వాత కదలకుండా ఆగిపోతుంది. చూసేవాళ్ల గుండె గుభేలుమంటుంది. అయిదు పది సెకన్లలో మళ్లీ మొదలవుతుంది. ఊపిరిని నడిపే మెదడు భాగం ఇంకా కుదురుకోలేదు కాబట్టి మొదటి నెలల్లో, ముఖ్యంగా నిద్రలో, ఇది మామూలే. ఒంటి రంగు మారకుండా తనంతట తానే ఊపిరి అందుకుంటే కంగారు పడొద్దు.

ఇలా ఆగి ఆగి సాగుతుంది కనుకే 15 సెకన్లు చూసి నాలుగుతో గుణించకూడదు. ఆ కాస్త సమయం గబగబా తీసే దగ్గర పడితే లేనిపోని భయం, ఆగిన దగ్గర పడితే అసలు ప్రమాదమే కనబడదు. నిండా 60 సెకన్లు లెక్కపెట్టాలి. బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు వద్దు. చొక్కా పైకి మడవండి. ఒకరు గడియారం చూస్తే ఇంకొకరు పొట్ట చూడండి. లేచి దిగితే ఒకటి.

రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 గానీ అంతకు మించి గానీ వస్తే, కాసేపాగి మరోసారి లెక్కపెట్టండి. రెండోసారీ అంతే ఉంటే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40 గానీ అంతకు మించి గానీ వస్తే వేగం ఎక్కువని అర్థం.

అంకె ఒక్కటే చాలదు. మన ఇళ్లలో "డొక్కలు ఎగరేస్తోంది" అంటారే, అది చూడటం నేర్చుకోండి. గాలి లోపలికి తీసినప్పుడు పొట్ట లేస్తుంటే, పక్కటెముకల అడుగు భాగం మాత్రం లోతుగా లోపలికి పోతుంది. గాలి లాగడానికి బిడ్డ అంత పాటుపడుతోందన్నమాట. మెత్తని ఎముకలు ఆ లాగుడికి వంగుతాయి. ముక్కుపుటాలు విప్పారడం, ఊపిరి వదిలినప్పుడల్లా మూలగడం కూడా అలాంటి గుర్తులే. లెక్క 60 లోపే ఉన్నా ఇవి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగొద్దు. పాలు తాగడం మానేసినా, రెండు నెలల లోపు బిడ్డకు చంకలో పెట్టిన థర్మామీటర్ 99.5 డిగ్రీలు చూపినా అంతే.

పుట్టిన మొదటి రోజుల్లో చేతులు, పాదాలు కాస్త నీలంగా ఉండొచ్చు. నాలుక, పెదవులు నీలమైతే మాత్రం క్షణం ఆలస్యం చేయకూడదు. ఊపిరి 20 సెకన్లు ఆగినా, అంతకన్నా తక్కువే ఆగి ఒళ్లు వాలిపోయినా, రంగు మారినా, పెద్దవాళ్లను కేకేసి, వీపు రుద్దండి, అరికాలిని వేలితో తట్టండి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

ముక్కు దిబ్బడ వేరు. పసివాళ్లు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు. అది మూసుకుంటే గురగురమంటుంది, పాలు తాగలేక వదిలేస్తారు. పాలిచ్చే ముందు ఒక్కో ముక్కులో ఒకటి రెండు సెలైన్ (ముక్కులో వేసే ఉప్పునీటి మందు) చుక్కలు వేస్తే చాలు. స్నానం చేయించేటప్పుడు ముక్కులో నూనె పోయనివ్వకండి. అది ఊపిరితిత్తుల్లోకి జారితే అక్కడే ఉండి న్యుమోనియా తెస్తుంది. సాంబ్రాణి పొగా వద్దు. డొక్కలెగరేస్తోందని పొట్ట మీద వాతలు పెడతామంటే, దయచేసి అడ్డుపడండి. కాలిన గాయం అదనం, చికిత్సకేమో ఆలస్యం.

ఇంకో పని మీరే బాగా చేయగలరు. పొట్ట, ఛాతీ, ముఖం కనిపించేలా ఒక నిమిషం వీడియో తీయండి. ఆస్పత్రికి చేరేసరికి బిడ్డ ఏడుస్తూ ఉంటే డాక్టరుకు ఆ ఊపిరి చూడటం కష్టం. మీరు లెక్కపెట్టిన అంకె, టైము కాగితం మీద రాసి అమ్మ చేతిలో పెట్టండి.

మీ పెద్దమ్మ