వంద పాయింట్లకు ముందు: ఇంజినీరింగ్ విద్యార్థుల గ్రామసేవ నేపథ్యం

అనంతపురం, చిత్తూరు, కడప జిల్లాల నుంచి వచ్చి బెంగళూరు ఇంజినీరింగ్ కళాశాలల్లో చదువుతున్న మన పిల్లల్లో చాలామందికి, డిగ్రీ చేతికి రావాలంటే మార్కులతో పాటు వంద యాక్టివిటీ పాయింట్లు కూడా ఉండాలి. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2018లో తెచ్చిన ఈ నిబంధనను విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం తన అనుబంధ కళాశాలల్లో అమలు చేస్తోంది. డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో చేరినవారికి 75 చాలు. గ్రామాల్లో నీరు, పారిశుద్ధ్యం, ఇంధనం వంటి పనులు చేసి వీటిని సంపాదించుకోవచ్చు. బాగేపల్లి, పావగడ కర్ణాటకలో ఉన్నా అక్కడ ఎన్నో ఇళ్లలో మాట్లాడేది తెలుగే కనుక, అటు వెళ్లే బృందంలో తెలుగు పిల్లలుంటే సర్వే సులువవుతుంది. సెమిస్టర్ ముగిశాక ఆ పనిని ఎవరు చూసుకుంటారన్నది మాత్రం అంత సులువుగా తేలదు. ఇంజినీర్ల స్వచ్ఛంద సేవను ఈ చిక్కు మొదటినుంచీ వెంటాడుతోంది.

1959లో అమెరికాలోని షెనెక్టడీలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు, శాస్త్రవేత్తలు కొందరు కలిసి వీటా అనే సంస్థ పెట్టి, పేద దేశాల నుంచి వచ్చే సాంకేతిక ప్రశ్నలకు ఉత్తరాల ద్వారా జవాబులిచ్చేవారు. మన దేశంలో 1969లో జాతీయ సేవా పథకం మొదలైంది. అయితే అది అన్ని కోర్సుల విద్యార్థులకూ ఉద్దేశించినది. అందులో ఇంజినీరింగుకు ప్రత్యేక స్థానం లేదు.

ఆ స్థానాన్ని చూపించింది బెంగళూరే. భారతీయ విజ్ఞాన సంస్థలో విద్యుత్ రసాయన శాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్న అమూల్య కె.ఎన్. రెడ్డి 1974లో గ్రామీణ సాంకేతికత కోసం 'అస్త్ర' అనే విభాగాన్ని ఆరంభించారు. తుమకూరు జిల్లా కుణిగల్ తాలూకాలోని పురా గ్రామంలో ఆ విభాగం ఊరందరికీ కలిపి ఒక గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టింది. వంటకు గ్యాస్ ఇవ్వాలన్నది మొదటి ఆలోచన. అన్ని ఇళ్లకూ రెండు పూటలా వంటకు సరిపడా గ్యాస్ రాలేదు. పైగా కట్టెలు ఊరికే దొరుకుతున్నాయి. ఊరివారికి ముందుగా కావలసింది మంచినీళ్లు. 1987 నుంచి అదే గ్యాస్‌తో ఇంజిన్ నడిపి, బోరు నీళ్లు కుళాయిలకు, కరెంటు దీపాలకు ఇచ్చాక ప్లాంటు నిలదొక్కుకుంది. పేడ తెచ్చినవారికి తూకం ప్రకారం కొద్దిపాటి డబ్బు ఇచ్చేవారు, గ్యాస్ తీశాక మిగిలిన ఎరువు తిరిగి ఇచ్చేవారు, నడిపే పనిని ఆ ఊరి యువకులకే నేర్పారు. నా ఉద్దేశంలో ఈ చరిత్ర మొత్తంలో ముఖ్యమైన ఘట్టం ఇదే: యంత్రం కన్నా ముందు అవసరాన్ని తెలుసుకోవడానికే ఏళ్లు పట్టింది, విజ్ఞాన సంస్థ అన్నేళ్లూ అక్కడే ఉండగలిగింది.

విద్యార్థుల ఉద్యమం పెరిగింది ఆ తరువాతే. ఫ్రాన్సులో 'సరిహద్దులు లేని ఇంజినీర్లు' సంస్థ 1982లోనే పుట్టింది. 2000 నుంచి కెనడా, బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాలలో అదే పేరుతో వేర్వేరు సంస్థలు వచ్చాయి. మధ్య అమెరికా దేశమైన బెలీజ్‌లోని శాన్ పాబ్లోకు విద్యార్థులను తీసుకెళ్లి నీటి పథకం కట్టించిన కొలరాడో ఆచార్యుడు బెర్నార్డ్ అమాదేయి అమెరికా సంస్థను స్థాపించారు. ఒక ఊరిని ఎంచుకున్న విద్యార్థి బృందం కనీసం ఐదేళ్లు దానితో ఉండాలని ఆ సంస్థ షరతు పెట్టింది. కెనడా సంస్థ ఇంకొక అడుగు ముందుకేసి, 2008 నుంచి తన వైఫల్యాలను ఏటా నివేదికగా అచ్చువేసింది. మన సంస్థల వార్షిక నివేదికలు చదివేవారికి అది వింతగానే తోస్తుంది.

పావగడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లు ఉన్నాయి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) 1970లలో రూపొందించిన నల్గొండ పద్ధతిలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం కలిపి నీటిని తేరుస్తారు. కెన్యా, టాంజానియా, ఇథియోపియాల్లోనూ దాన్ని వాడారు. విద్యార్థులు నీటి పరీక్షలు కొద్ది రోజుల్లో చేసి రాగలరు. కానీ నీటిని బట్టి పటిక మోతాదు రోజూ చూసుకోవాలి, అడుగున చేరే బురదను తీసి పారబోయాలి, ఆ పనికి ఊళ్లోనే ఒక మనిషి ఉండాలి.

2014లో మొదలైన కేంద్ర ప్రభుత్వ గ్రామాభివృద్ధి పథకం ఉన్నత్ భారత్ అభియాన్‌లో ఊళ్లను దత్తత తీసుకునేది కళాశాల. పాయింట్లు మాత్రం విద్యార్థి పేరున జమవుతాయి. ఈ రెండింటినీ ముడిపెట్టి, ఒక బ్యాచ్ మొదలుపెట్టిన పనిని కొనసాగించినందుకు కూడా తరువాతి బ్యాచ్‌కు పాయింట్లు ఇస్తే, ఐదేళ్ల షరతుకు దగ్గరగా వెళ్లే వీలుంది.