ఆరు నెలలకు మీ చేతిలో ఏ పనిముట్టు ఉంది?

వరంగల్

చిరంజీవులైన మనవళ్లకు, మనవరాలికి తాతయ్య దీవెనలు.

మొన్న బతుకమ్మకు అందరం కలిసినప్పుడు మీరు నలుగురూ ఒకే మాట అడిగారు. చిన్న రిపేరు దుకాణంలో పనికి కుదిరితే ఏమొస్తుంది తాతయ్యా అని. ఇంటినిండా చుట్టాలు ఉండటంతో ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను. నలభై ఏళ్లు మోటారు వైండింగ్, అంటే మోటారు లోపల తీగ చుట్లు వేసే పని, చేసినవాడిని కనుక నా పని సంగతితోనే చెబుతాను.

యాసంగి వరికి నీళ్లు పెట్టే రోజుల్లో నర్సంపేట, పరకాల వైపు నుంచి కాలిపోయిన మోటార్లు వరసగా వచ్చేవి. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు తిరగలేక మూలుగుతుంది. మిగిలిన రెండు ఫేజుల మీద కరెంటు పెరిగి వైండింగ్ మాడిపోతుంది. బాగుచేయాలంటే ముందు ఆ మాడిన తీగను తీయాలి. కొత్తగా వచ్చిన పిల్లలకు మొదట ఇచ్చే పని అదే. చేతులు నల్లబడతాయి, వార్నిష్ కంపు రాత్రి అన్నం తినేటప్పుడు కూడా వదలదు. కానీ మోటారు గుట్టంతా అక్కడే బయటపడుతుంది. ఒక్కో కాయిల్‌కు ఎన్ని చుట్లు, తీగ కూర్చునే గాళ్లలో ఏ స్లాటు నుంచి ఏ స్లాటుకు వెళ్లింది, తీగ ఏ గేజి, అంటే ఎంత లావు, అన్నీ తీసేటప్పుడే లెక్కపెట్టి రాసుకోవాలి. గేజి నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి. సన్న తీగ వేస్తే వేడెక్కి మళ్లీ కాలుతుంది, లావు తీగ స్లాటులో పట్టదు. లోపల నీళ్లు నిండి ఉండే బోరు మోటారుకు ప్లాస్టిక్ తొడుగున్న తీగే వేయాలి. పని అయ్యాక మెగ్గర్ అనే మీటరు పెట్టి, తీగకూ ఇనుముకూ మధ్య కరెంటు దాటకుండా ఆపే ఇన్సులేషన్ నిలిచిందో లేదో చూడాలి.

ఇదంతా ఐటీఐ పుస్తకంలోనూ ఉంటుంది. అయితే మీరు చుట్లు తప్పు లెక్కపెట్టిన మోటారును పది రోజులకే రైతు మళ్లీ భుజాన మోసుకొచ్చి, మడి నెర్రెలు బారుతోందని చెబుతూ గుమ్మంలో నిలబడితే, ఆ తర్వాత ఏ కాయిల్‌నూ రెండుసార్లు లెక్కపెట్టకుండా వదలరు. చిన్న దుకాణంలో పని చేసే చేతికీ పని చేయించుకున్న మనిషికీ మధ్య ఒక బల్ల మాత్రమే ఉంటుంది. పెద్ద కంపెనీల్లో ఇది దొరకడం కష్టం.

ఇప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి. నేను మొదట కుదిరిన చోట మూడేళ్లు ఉన్నాను. తీగ తీయడం, కాయిల్ చుట్టడం వరకే నా వంతు. కనెక్షన్లు ఇచ్చే వేళకు ఉస్తాద్ నన్ను టీ తెమ్మని పంపేవారు. ప్రతిసారీ అంతే. ఆ పని కూడా నేర్చుకుంటే ఎదురుగా దుకాణం పెడతానని ఆయన భయం. చివరికి తుక్కు కింద పడేసిన మోటార్లను రాత్రిళ్లు విప్పి చూసుకుని నేర్చుకున్నాను. ఒక నెలలో రావలసిన విద్యకు నాకు ఏడాదిన్నర పట్టింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. మొదటి రోజు చీపురు ఇస్తే చిన్నబుచ్చుకోకండి. ఆరు నెలలకూ చీపురే ఉంటే అక్కడ మీకు చదువు లేదు, చౌక కూలి మాత్రమే ఉంది. లేచి వచ్చేయండి.

నా రోజుల్లో మాకు తెలియనిది, మీరు తప్పక తెలుసుకోవలసినది, కాగితం. పని నేర్చుకోవడానికి కుదిరేవాళ్లను అప్రెంటిస్ అంటారు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం యజమానికీ మీకూ మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండాలి, దాన్ని నమోదు చేయించాలి. కనీస వయసు 14, ప్రమాదకరమైన పనులకు 18. 2019లో మార్చిన నిబంధనల్లో చదువును బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయల కనీస భృతి పెట్టారు. సంతకం చేసే రోజు రేటు ఎంత ఉందో అడిగి తెలుసుకోండి. 2016లో మొదలైన జాతీయ పథకం కింద భృతిలో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరించేలా పెట్టారు. ఇన్ని పీసులు చేస్తేనే ఇంత అని లెక్కగట్టి ఇవ్వడాన్ని చట్టం ఒప్పుకోదు. పనిలో దెబ్బ తగిలితే పనివాడికి వచ్చినట్టే పరిహారం రావాలి. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని మాత్రం చట్టంలో లేదు, ఆ ఆశతో చేరకండి.

30 మంది, అంతకు మించి పనివాళ్లున్న చోట అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉంటే యజమాని ఇష్టం. నలుగురు కూడా లేని షెడ్డుకు ఇందులో చోటు లేదు. మా దుకాణంలో ఎప్పుడూ ఇద్దరమే. నా దగ్గర ఎనిమిదేళ్లు ఉన్న కుర్రవాడు కళ్లు మూసుకుని వైండింగ్ చేసేవాడు, ఒక పెద్ద కంపెనీకి వెళ్తే సర్టిఫికెట్ ఏదని గేటు దగ్గరే ఆపేశారు. వాడికి నేను పని ఇచ్చాను, కాగితం ఇవ్వలేకపోయాను. కొందరు యజమానులు కలిసి, అప్రెంటిస్‌లను ఒకరి దగ్గర నుంచి ఇంకొకరి దగ్గరకు పంపుతూ నేర్పవచ్చని అదే చట్టంలో ఉంది. నలుగురేసి, అయిదుగురేసి పనివాళ్లున్న షెడ్లు మన ఊళ్లో చాలా ఉన్నాయి. ఒకరి దగ్గర వైండింగ్, ఒకరి దగ్గర లేతు మిషను, ఇంకొకరి దగ్గర స్టార్టర్ ప్యానెళ్లు నేర్పితే పిల్లలకు ఎంత మేలు! వాళ్లను ఒకచోట కూర్చోబెట్టాలని తిరుగుతున్నాను, ఇద్దరు ఒప్పుకున్నారు.

ఐటీఐలో ఉన్నవాడు దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్ ప్రకటన కోసం కనిపెట్టుకుని ఉండు, కాజీపేటలో నీ ట్రేడుకు పని ఉంటుంది. ఇంటర్ మధ్యలో మానేసిన అమ్మా, ఫ్యాను వైండింగ్‌కు సన్నని తీగను తెగకుండా చుట్టే చెయ్యి కావాలి. నీ చెయ్యి అలాంటిదే, నీ కుట్టు చూశాను. ఇది మగపిల్లల పని అని ఎవరైనా అంటే నా దగ్గరకు పంపు.

షెడ్డులో విప్పని మోటారు ఒకటి ఉంచాను. ఆదివారం పొద్దున్నే నలుగురూ రండి, పాత బట్టలు వేసుకుని. చుట్లు రాసుకోవడానికి నోటు పుస్తకం, పెన్సిలు తెచ్చుకోండి.

మీ తాతయ్య